తొమ్మిది నిమిషాల గట్టిమేళం

నా పరిశోధన పుణ్యమా అని ఒక పెళ్లి తొమ్మిది నిమిషాలపాటు సగమే జరిగి ఆగిపోయింది. నమ్మకపోతే ప్రత్తిపాడులో అడగండి, నన్నింకా మరిచిపోలేదు.

అప్పుడు నాకు ఇరవై నాలుగేళ్లు. ముక్కుతో గాలి పీలుస్తూనే, బుగ్గల్లో దాచిన గాలితో శాక్సఫోన్ స్వరాన్ని తెగకుండా నిలబెట్టే పద్ధతి ఒకటుంది. దాన్ని పెళ్లి డోలు మీది ఏడక్షరాల నడకతో కలపడమే నా ప్రాజెక్టు. నెలాఖరులోగా రికార్డింగు ఇవ్వకపోతే ప్రాజెక్టు రద్దన్నారు మా గైడు. నేను వదులుతానా? డోలు విద్వాంసుడు మస్తాన్ గారి వెంటపడ్డాను. మూడు వారాలు కాదన్నారు. నాలుగో వారం నా పోరు పడలేక ఒప్పుకున్నారు.

"పెళ్లిలో నా పక్కన కూచో అమ్మాయ్. ముహూర్తం రాగానే పంతులుగారు నాకు చెప్తారు, నేను కళ్లార్పి నీకు సైగ చేస్తా. అప్పుడే ఊదు."

"అలాగేనండీ!"

పెళ్లికొడుకైనా పెళ్లికూతుర్ని అంత దీక్షగా చూసి ఉండడు, నేను ఆయన కళ్లను చూసినట్టు. మే నెల ఎండ. పందిరంతా ఉడికిపోతోంది. ఆయన గట్టిగా రెండుసార్లు కళ్లార్పారు. నేను ఊదాను, ఊరంతా అదిరేలా.

కంట్లో చెమట పడిందట!

గట్టిమేళమనుకుని డోళ్లన్నీ అందుకున్నాయి. అడ్డుతెర జారింది. అక్షింతలు కురిశాయి. పెళ్లికొడుకు పెళ్లికూతురి తల మీద జీలకర్ర బెల్లం పెట్టేశాడు. ఆ అమ్మాయి చెయ్యి కూడా లేవగానే పంతులుగారు గాల్లోనే పట్టేసుకున్నారు.

"ఇంకా తొమ్మిది నిమిషాలుందయ్యా! బాబూ, పెట్టిన చెయ్యి తియ్యకు! అమ్మా, నువ్వు పెట్టకు! ఎవరా ఊదింది?"

నేను శాక్సఫోన్ దించబోయాను. మస్తాన్ గారు పళ్లు కొరికారు. "ఆపావో చూడు! మొదలెట్టిన గట్టిమేళం మధ్యలో ఆగితే ఆడపెళ్లివాళ్లు మనల్ని బతకనివ్వరు. ఊదు!"

ఊదాను. బుగ్గలు పూరీల్లా పొంగాయి, కళ్లు బైర్లు కమ్మాయి. అయినా స్వరం తెగనివ్వలేదు.

"పంతులుగారూ, చెయ్యి లాగుతోందండీ," అంది పెళ్లికూతురు. "బెల్లం కారి కంట్లో పడుతోంది."

"ఓర్చుకో తల్లీ, ఇంకా నాలుగు నిమిషాలు."

చివరికి ఆయన చెయ్యి వదిలారు, ఆమె పెట్టింది, నేను కూలబడ్డాను. అంతా ఫోన్లో రికార్డయింది. విని మా గైడు కుర్చీలోంచి లేచారు.

"తొమ్మిది నిమిషాలు తెగకుండానా! ఇంత దమ్ము ఏం సాధన చేస్తే వచ్చిందమ్మా?"

"పెళ్లికూతురి నాన్నగారు నా ఎదురుగా నిలబడ్డారు సార్."

ప్రాజెక్టు దక్కింది. ఆ రోజే ప్రమాణం చేశాను: ఇకపై వధూవరులిద్దరి తలల మీదా జీలకర్ర బెల్లం ఎండి గట్టిపడిందని కళ్లారా చూశాకే శాక్సఫోన్ పెట్టె మూత తీస్తాను. నా సొంత పెళ్లికైనా ఇదే నియమం.