ఆరేళ్ల కోతికుండలు

ముప్పై ఏళ్లు వరి పండించిన చేయి అగాతాది. మొలక కనబడితే చాలు, ఎరువు వేయకుండా ఉండలేదు. ఆ అలవాటే ఆమె కొంప ముంచింది.

కొండ కింద బురదనేలలో కోతికుండల తీగలుండేవి. ఆకు చివర వేలాడే ఆ చిన్న కుండల్లో పడ్డ చీమా దోమా వాటికి తిండి. ఆ కుండల్ని కడిగి, జిగురుబియ్యం, కొబ్బరిపాలు పోసి ఆవిరి మీద ఉడికిస్తేనే ఆ ఊరికి గవాయ్ కోతల పండుగ. ఒక కంపెనీ ఆ నేలను చదును చేసి పామాయిల్ తోట వేస్తుందని తెలియగానే అగాతా దొరికినన్ని విత్తనాలు ఏరుకొచ్చింది. సగం చల్లి కోళ్లెరువు దండిగా వేసింది. నెల తిరగకముందే అన్నీ కుళ్లిపోయాయి. ఆ రోజు కూలబడి ఏడ్చింది.

మిగతా సగం పాత బేసిన్‌లో తడినాచు మీద చల్లింది. వాననీళ్లు తప్ప ఏమీ పోయలేదు. చేతులు దురద పెట్టినా ఎరువు జోలికి పోలేదు.

"ఊరంతా మనుషుల తిండికి పండిస్తుంటే, నువ్వు ఈగల్ని తినేదాన్ని పెంచుతున్నావేంటే!" అంటూ వదిన సేనియా ఎగతాళి చేసేది. పండుగ వంటలకు ఆమే పెద్ద. బురదనేల పోయాక అల్యూమినియం గిన్నెల్లోనే అన్నం వండిస్తూ వచ్చింది.

ఆరో ఏడు అగాతా తీగలకు ఇరవై మూడు మంచి కుండలు కాశాయి. పండుగ పొద్దున వాటిలో అన్నం ఘుమఘుమలాడుతుంటే సేనియా పరుగున వచ్చింది.

"కంపెనీ మేనేజరు వస్తున్నాడు. ఇవన్నీ ఆయన బల్ల మీద పెట్టాలి."

"నేలంతా మింగాడు కదా వదినా, ఇంకా ఆకలి తీరలేదా?"

"నోరు ముయ్యి! మనకు రోడ్డు వేయిస్తానన్నాడు. నీ మొండితనంతో అది పోతే ఊరు నిన్ను బతకనివ్వదు."

"బతకనివ్వకపోతే పోనీ. ఇవి మాత్రం ఆయనకు పెట్టను."

అగాతా కుండల గంప ఎత్తుకుని, భోజనాలకు కూర్చున్న ముసలివాళ్ల వరుసలోకి నేరుగా నడిచింది. పళ్లు లేని ఒక అవ్వ మొదటి ముద్ద నోట్లో పెట్టుకుని కళ్లు తుడుచుకుంది. గంప ఖాళీ అయింది.

బల్ల దగ్గర కూర్చున్న మేనేజరు తన ముందున్న అల్యూమినియం గిన్నె చూసి నవ్వాడు. "నాకు కోతికుండ అన్నం లేదా, అమ్మా?"

సేనియా కళ్లతోనే బతిమాలింది. అగాతా మాత్రం కొంగులోంచి కాగితం పొట్లం తీసి ఆయన గిన్నె పక్కన పెట్టింది.

"ఉంది బాబూ. ఇవి విత్తనాలు. ఎరువు వేయకండి, వాననీళ్లు చాలు. ఆరేళ్లకు కుండలు కోసుకు రండి, నా చేత్తోనే వండి పెడతాను."

"ఎక్కడ చల్లమంటావు?"

"మీరు చదును చేసిన చోటే."