మా ఆయనకు నీళ్లియ్యకుండ్రి

ఆ రోజు మా ఆయన కాలు బూటులో పట్టలేదు. మార్నింగ్ షిఫ్టుకు టైమవుతోంది, మంచం మీద కూర్చుని బూటుతో కుస్తీ పడుతున్నాడు. నేను వంటింట్లో ఆయన క్యాన్‌లో పుదీనా నీళ్లు పోస్తున్నాను. బూట్లు ఎండకు ముడుచుకున్నాయా అని అక్కడి నుంచే అడిగాడు. వెళ్లి చూస్తే బూటు బాగానే ఉంది, ఉబ్బింది కాలు. వేలితో నొక్కితే గుంట పడి అట్లాగే ఉండిపోయింది.

మాది కొత్తగూడెం. మా ఆయన సమ్మయ్య ఓపెన్‌కాస్ట్ బొగ్గు గనిలో డంపర్ నడిపేవాడు. ఎండాకాలం ఆ గుంతలో దిగేవాళ్లకు నిమ్మకాయ, పుదీనా, ఉప్పు లేనిదే షిఫ్టు గడవదు. మా క్వార్టర్ల లైన్‌లో పొద్దున్నే రోటి చప్పుడు వినిపిస్తే అది పచ్చడికి కాదు, పుదీనాకు. కాడలు పారేసి ఆకులు మాత్రమే తీసుకుని, ఉప్పూ కొంచెం చక్కెరా వేసి కచ్చాపచ్చాగా దంచాలి. మరీ మెత్తగా నూరితే చేదెక్కుతుంది. గింజ పడకుండా నిమ్మకాయ పిండి, కుండ నీళ్లు పోసి, పల్చటి బట్టలో వడగట్టాలి. క్యాన్‌కు తడి గోనెపట్టా చుడితే మధ్యాహ్నం దాకా చల్లగా ఉంటుంది. నా చేతి నీళ్ల కోసం పక్క డంపర్ల వాళ్లు కూడా మా ఆయన చుట్టూ తిరిగేవాళ్లట. ఆ మాట ఆయన గొప్పగా చెప్పుకునేవాడు, నేను గొప్పగా వినేదాన్ని.

మా దగ్గర ఏ రోగమొచ్చినా ముందు ఎండనే తిడతారు. కాళ్లు ఉబ్బినా ఎండే, ఒంటేలు తగ్గినా ఎండే. వేడి చేసింది, ఇంకో చెంబు ఉప్పు నిమ్మనీళ్లు తాగించమని లైనంతా చెప్పింది. ఆయన హాయిగా తాగాడు. వారం తిరగకముందే మొహం కూడా ఉబ్బింది, తిన్నదంతా కక్కుకున్నాడు, నాలుగు మెట్లెక్కితే ఆయాసం. అప్పుడు దవాఖానాకు తీసుకుపోయాను.

బీపీ చూసిన నర్సు మిషన్ తప్పు చూపిస్తోందేమోనని ఇంకో మిషన్ తెచ్చింది. రెండోదీ అంతే చూపించింది. రక్తం తీశారు, క్రియాటినిన్ అన్నారు, స్కానింగ్ అన్నారు. రిపోర్టులు చూసిన డాక్టరమ్మ నన్ను కూర్చోమంది.

"రెండు కిడ్నీలూ ష్రింక్ అయిపోయాయమ్మా. బీపీ ఎన్నేళ్ల నుంచి ఉందో ఆయనకే తెలీదు. ఇక డయాలసిసే."

నా పుదీనా నీళ్ల గురించి అడిగాను. కిడ్నీలు పోయింది దానివల్ల కాదని చెప్పింది. "కానీ ఇక మీదట ఉప్పు దాదాపు బంద్. నీళ్లు కొలిచి ఇవ్వాలి. లోపలికి పోయిన నీళ్లు బయటికి వచ్చే దారి లేదు ఆయనకు," అంది. దాన్ని ఫ్లూయిడ్ రెస్ట్రిక్షన్ అంటారట. టీ, చారు, మజ్జిగ, మాత్ర మింగే గుక్క, అన్నీ ఆ కొలతలోకే వస్తాయి. నీళ్లు తాగకుండా బతకడానికి నేనేమన్నా ఒంటెనా అని మా ఆయన నవ్వాడు. ఆయన నవ్వడం చూసింది అదే ఆఖరు, చాలా కాలం దాకా.

డయాలసిస్ సూదులు గుచ్చేందుకు ఎడమ చేతి నరాలు కలిపి ఫిస్టులా వేశారు. వారానికి మూడుసార్లు డయాలసిస్. సూదుల నొప్పిని ఆయన లెక్కచేయలేదు. ఆయన్ని విరిచింది దాహం. గనిలో క్యాన్లకు క్యాన్లు తాగిన మనిషికి రోజంతటికీ ఒక చిన్న సీసా. మధ్యాహ్నానికే అది ఖాళీ. నాలుక అంగిట్లో అంటుకుపోయి మాట కూడా సరిగ్గా వచ్చేది కాదు. తడి తువ్వాలు చీకడం చూశాను. స్నానాల గదిలో మగ్గు చప్పుడు విని తలుపు కొట్టాను. ఆ తర్వాత ఆయన స్నానానికి నేనే నీళ్లు పోశాను, నోరు తెరవకుండా కాపలా కాస్తూ. ఫ్రిజ్‌కు గొలుసు కట్టి తాళం వేశాను. కుండ ఎత్తి పక్కింట్లో పెట్టాను. మా ఆయన నన్ను తిట్టని తిట్టు లేదు. నేనూ తక్కువ తినలేదు.

ఏన్కూరు నుంచి వదిన వచ్చింది, ఆయన అక్క. తమ్ముడి పెదాలు పగిలి ఉండడం, నా కొంగుకు ఫ్రిజ్ తాళం వేలాడడం చూసింది. "కుక్కకన్న గిన్నెల నీళ్లు పోస్తం పిల్లా," అన్నది. డాక్టర్ చెప్పిందంతా ఆమెకు చెప్పాను. డాక్టర్లు చెప్పినవన్నీ చేస్తే మనుషులుండరని చెప్పి, వెళ్లేటప్పుడు నా ముఖం కూడా చూడకుండా వెళ్లింది.

ఆ ఎండాకాలమే ఆయనకు ఉన్నట్టుండి కోపం తగ్గింది. సాయంత్రాలు వాకింగ్ పోతానని బయలుదేరేవాడు. దారికొచ్చాడనుకుని సంబరపడ్డాను. డయాలసిస్‌కు పోయిన ప్రతిసారీ బరువు మాత్రం ఎక్కువ చూపిస్తోంది. టెక్నీషియన్ నన్నే అనుమానంగా చూశాడు. "అమ్మా, నీళ్లు తీసేశాక ఉండాల్సిన డ్రై వెయిట్ మీద నాలుగు కిలోలు పెరిగింది. ఇంట్లో ఏం తాగిస్తున్నారు?" అన్నాడు. మా ఆయన తల వంచుకుని చెప్పులు చూసుకున్నాడు.

ఒక ఆదివారం అన్నం ముందు కూర్చుని ఊపిరాడటం లేదన్నాడు. పడుకోబెడితే లేచి కూర్చుంటున్నాడు, కూర్చోబెడితే నిలబడుతున్నాడు. దగ్గితే గులాబీరంగు నురగ వచ్చింది. ఆటోలో నా భుజం ఎంత గట్టిగా పట్టుకున్నాడంటే గోళ్లు దిగాయి. ఐసీయూలో మాస్క్ పెట్టి, మిషన్ అక్కడికే తెచ్చి ఎమర్జెన్సీ డయాలసిస్ మొదలుపెట్టారు. డాక్టరమ్మ బయటికి వచ్చింది. "లంగ్స్ నిండా నీళ్లు. ఇంకాస్త ఆలస్యమైతే కుర్చీలో కూర్చునే మునిగిపోయేవాడు," అంది.

ఆ నీళ్లు ఎక్కడివో రెండు రోజుల తర్వాత తెలిసింది. మా వీధి మలుపులో చలివేంద్రం నడిపే లక్ష్మక్క చూడటానికి వచ్చింది. మంచి మనిషి. ఏటా ఎండల్లో పందిరి వేసి, తన చేతులతో నిమ్మకాయలు పిండి, పుదీనా వేసి దారిన పోయేవాళ్లందరికీ పుణ్యానికి పోస్తుంది. "అన్నకు గిట్లయిందంటే మనసున పడ్తలేదు. దినాం పొద్దుగూకంగ వచ్చి నాలుగైదు గ్లాసులు తాగిపోతుండె. పానం సల్లగయిందక్కా అనేటోడు," అని కళ్లు తుడుచుకుంది.

ఆమెది తప్పనలేను. మావాళ్లలో ఎవరైనా అదే చేస్తారు. దాహమన్నవాడిని రోగమేమిటని అడిగి నీళ్లిచ్చే ఊరు కాదు మాది.

మర్నాడు ఫోన్‌లో ఆయన ఫొటో పెట్టుకుని బయలుదేరాను. లక్ష్మక్క పందిరితో మొదలుపెట్టి బస్టాండు, మార్కెట్, రైల్వే స్టేషన్ దారి, ఎక్కడ చలివేంద్రం కనిపిస్తే అక్కడ ఆగాను. ఫొటో చూపించి, ఈయన మా ఆయన, ఎంత బతిమాలినా ఈయనకు నీళ్లియ్యకుండ్రి అని చెప్పాను. కొందరు నాకు మతి పోయిందనుకున్నారు. ఒక ముసలాయన గ్లాసు కిందపెట్టి నన్ను ఎగాదిగా చూశాడు.

"దూపైతుందన్నోనికి లేవంటమా బిడ్డా? పగోడు వచ్చినా పోస్తం."

"పగోనికి పొయ్యి తాతా. మా ఆయనకు పొయ్యకు."

దవాఖానా నుంచి వచ్చాక మా ఆయన మళ్లీ వాకింగ్ పోయాడు. వెంటనే తిరిగి వచ్చాడు. లక్ష్మక్క ఆయన్ని చూసి కుండ మీద మూత పెట్టి, ముఖం తిప్పుకుందట. పక్కనున్నవాళ్లకు పోస్తూ ఆయనకు లేదందట. ముప్పై ఏళ్లు తలెత్తుకు తిరిగిన వీధిలో ఆ అవమానం ఆయన తట్టుకోలేకపోయాడు. గడపలో కూర్చుని ఏడ్చాడు. "నువ్వు నా పెండ్లానివి గాదు. నా పానం దీస్తున్నవ్," అన్నాడు. నెల రోజులు నాతో మాట్లాడలేదు. అన్నం పెడితే తిన్నాడు, సీసా ఇస్తే తాగాడు, అంతే.

మా బ్యాచ్‌లోనే తిరుమలాయపాలెం వైపు రైతు ఒకాయన డయాలసిస్‌కు వచ్చేవాడు. ఆయన భార్య నా పక్క కుర్చీలో కూర్చునేది, మెత్తటి మనిషి. ఒకసారి వాళ్లు రాలేదు. భర్త కొబ్బరినీళ్ల కోసం ప్రాణం కొట్టుకుంటోందంటే చూడలేక రెండు బోండాలు కొట్టించి తాగించిందట. కొబ్బరినీళ్లలోని పొటాషియం ఒంట్లో పెరిగిపోయి ఆయన గుండె ఆగిపోయింది. మేము పరామర్శకు వెళ్తే అక్కడివాళ్లంతా ఆమెను మెచ్చుకుంటున్నారు, మొగుడి కోరిక తీర్చి పంపిందని. ఆమె మాత్రం నా చెయ్యి పట్టుకుని, "నేను కూడా నీలెక్క రాయినైతే బాగుండు," అన్నది. తిరుగు బస్సులో మా ఆయన దారి పొడుగునా కిటికీలోంచి బయటికి చూస్తూ కూర్చున్నాడు. ఊరు దగ్గరపడుతుండగా నాతో మాట్లాడాడు. తాళం ఇంకో రెండు రోజులు నా దగ్గరే ఉంచుకోమన్నాడు. ఆ రెండు రోజులు ఇంకా పూర్తికాలేదు.

ఇప్పుడు ఆయనకు గనిలో పని లేదు, కిడ్నీ దొరికే ఆశ కూడా పెద్దగా లేదు. డయాలసిస్ నడుస్తోంది. డైటీషియన్‌ను అడిగి ఒక పద్ధతి మొదలుపెట్టాను. కొద్దిగా పుదీనా ఆకు నలిపి నీళ్లలో వేసి, నాలుగు నిమ్మ చుక్కలు పిండి, వడగట్టి ఐస్ ట్రేలో పోస్తాను. ఉప్పు లేదు. గడ్డ కరిగితే ఎంత నీరవుతుందో సిరప్ మూతతో ముందే కొలిచాను, అది కూడా సీసా లెక్కలో తగ్గిస్తాను. గ్లాసు నీళ్లు ఒక్క నిమిషంలో అయిపోతాయి. గడ్డ చప్పరిస్తే చాలాసేపు వస్తుంది, పులుపుకు నోట్లో కాస్త తడి ఊరుతుంది. మీ ఇంట్లో ఇట్లాంటి రోగి ఉంటే డాక్టర్‌ను అడిగి చేసి చూడండి. అంతకంటే ముందు మీ చుట్టాలకు, ఇరుగుపొరుగుకు, వీధి మలుపులో నీళ్లు పోసేవాళ్లకు సిగ్గుపడకుండా చెప్పండి. రోగికి మొదటి డయాలసిస్ అయిన రోజే చెప్పండి. నేను చెప్పడం ఆలస్యమై ఐసీయూ చూశాను.

ఈ మధ్యాహ్నం కూడా ఆయన ఇంకో గడ్డ అడిగాడు. ఇయ్యనన్నాను. నన్నూ మా పుట్టింటినీ కలిపి తిట్టాడు. తిట్టి తిట్టి నిద్రపోయాక, చప్పుడు కాకుండా తాళం తీసి, వంటింటి తలుపు వెనక నిలబడి చెంబెడు నీళ్లు తాగాను. ఆయన ముందు నీళ్లు తాగి ఎంత కాలమైందో గుర్తులేదు.