మాటలు ఎంచుకునే ఆట

పెళ్ళిచూపులకు వచ్చిన అబ్బాయితో నేను వీడియో గేముల గురించి వాదన పెట్టుకున్నానంటే మా బంధువుల్లో చాలామంది ఇప్పటికీ నమ్మరు. నమ్మినవాళ్ళు మా అమ్మ వైపు జాలిగా చూస్తారు.

అప్పటికి నేను హైటెక్ సిటీలో ఒక సాఫ్ట్‌వేర్ కంపెనీలో టెస్టింగ్ పని చేస్తున్నాను. ఇల్లు కూకట్‌పల్లి హౌసింగ్ బోర్డు కాలనీలో. అమ్మానాన్నలది తణుకు దగ్గర ఊరు. నాన్న ఉద్యోగం కోసం నేను పుట్టకముందే ఇక్కడికి వచ్చేశారు. అబ్బాయి వాళ్ళది ప్రొద్దుటూరు వైపు. మియాపూర్‌లో వాళ్ళ నాన్నకు కుళాయిలూ పైపులూ అమ్మే షాపు ఉంది. అబ్బాయి రాయదుర్గంలో ఉద్యోగం చేస్తాడు. ఫొటోలో బాగానే ఉన్నాడు. అంతకుమించి నాకేమీ తెలియదు.

ఆదివారం సాయంత్రం వాళ్ళు మా ఇంటికి వచ్చారు. కాఫీలయ్యాక నాన్న, "మీరిద్దరూ అలా బాల్కనీలో కూర్చుని మాట్లాడుకోండమ్మా" అన్నారు. మా బాల్కనీ అంటే బట్టలారేసే తీగల కింద రెండు ప్లాస్టిక్ కుర్చీలు. అమ్మ పొద్దున్నే బట్టలన్నీ తీసేసింది గానీ క్లిప్పులు అలాగే వదిలేసింది. అవి మా తలల మీద వరసగా వేలాడుతున్నాయి.

"ఖాళీగా ఉన్నప్పుడు ఏం చేస్తుంటారండీ?" అని అడిగాడు.

అంతకుముందు వచ్చిన సంబంధాల దగ్గర పుస్తకాలు, వంట అని చెప్పేదాన్ని. ఆ రోజు ఎందుకో ఉన్నదే చెప్పాలనిపించింది.

"గేములు ఆడతానండీ. రోల్ ప్లేయింగ్ గేములు, మనమే కథలో ఒక పాత్రగా మారి ఆడేవి."

అతని ముఖం వెలిగిపోయింది. కుర్చీ కాస్త ముందుకు జరుపుకున్నాడు. "నేనూ అవే ఆడతా. ఇప్పుడు ఏది ఆడుతున్నారు?"

చెప్పాను. పాడుబడిన రాజ్యంలో ఒక బాటసారి ఒంటరిగా తిరిగే గేమ్ అది. నాకు ప్రాణం. ఆ బాటసారి నోరు విప్పడు. ఎదుటివాళ్ళు మాట్లాడతారు, అతను వింటాడు, అంతే. ఎటు వెళ్ళాలి, ఏ ఆయుధం పట్టాలి, ఎవరితో తలపడాలి, ఎవరిని వదిలేయాలి అన్నవి మాత్రం మన చేతిలో ఉంటాయి.

అతను ఓపిగ్గా అంతా విని, చాలా మర్యాదగా, "మంచి గేమేనండీ. కానీ అది రోల్ ప్లేయింగ్ గేమ్ కాదు కదా" అన్నాడు.

"ఎందుకు కాదు?"

"మాట మనం ఎంచుకోకపోతే ఆ పాత్ర మనది ఎట్లా అవుతుందండీ?"

అతను ఆడే గేముల్లో ఎవరైనా పలకరిస్తే తెర మీద మూడో నాలుగో జవాబులు కనిపిస్తాయి. వాటిలో ఒకటి మనం ఎంచుకోవాలి. మర్యాదగా చెప్పొచ్చు, కసురుకోవచ్చు, అబద్ధమాడొచ్చు. దాన్నిబట్టి ఎదుటివాడు స్నేహితుడో శత్రువో అవుతాడు, కథ దారి మారిపోతుంది. ఆ వీలు లేకపోతే ఎవరో తయారుచేసిన బొమ్మను తోసుకుంటూ తిరిగినట్టేనని అతని వాదన.

"ఎవరో రాసిన నాలుగు జవాబుల్లో ఒకటి నొక్కితే అది మీ మాట ఎలా అయింది? అది పోటీపరీక్ష పేపరండీ" అన్నాను.

"మరి మీ బాటసారి చేతిలో కత్తి తీసేసి గొడ్డలి పెడితే మనిషి మారిపోతాడా?"

"మారతాడు. గొడ్డలితో ఒక దెబ్బ వేశాక మళ్ళీ ఎత్తడానికి టైం పడుతుంది. తొందరపడేవాడు గొడ్డలితో బతకలేడు."

అతను తల అడ్డంగా ఊపాడు. "అది ఓపికండీ. పాత్ర కాదు."

"ఓపిక పాత్రలో భాగం కాదా?"

మా గొంతులు ఎప్పుడు పెరిగాయో మాకు తెలియదు. ముందు అమ్మ మంచినీళ్ళ వంకతో వచ్చి వెళ్ళింది. తర్వాత వాళ్ళమ్మగారు తలుపు దగ్గర నిలబడి, "ఏమైనా కావల్లనా మా?" అని అడిగారు. ఇద్దరం ఒకేసారి, "ఏం వద్దండీ" అన్నాం. వెళ్ళేటప్పుడు లిఫ్టు దగ్గర అతను నాకు నమస్కారం పెట్టి, నాకు మాత్రమే వినపడేలా, "గొడ్డలి సంగతి మాత్రం నేను ఒప్పుకోనండీ" అన్నాడు.

తలుపు వేయగానే అమ్మ మొదలుపెట్టింది. "పెళ్ళిచూపుల్లో పిల్లాడితో దెబ్బలాటేంటే తల్లీ? ఏం తేడా వచ్చింది మీకు? కట్నమా, కానుకా?"

"గేమ్ గురించమ్మా."

అమ్మ సోఫాలో కూర్చుని, మిగిలిన జంతికలు ఒక్కొక్కటే డబ్బాలో సర్దుకుంది.

మర్నాడు ఆఫీసు క్యాంటీన్‌లో నా స్నేహితురాలికి అంతా చెప్పాను. తను బోరబండ పిల్ల. నాతోపాటే ఉద్యోగంలో చేరింది. నాలుగు ముక్కల్లో విషయం తేల్చేస్తుంది.

"ఏందే, పెండ్లిచూపులల్ల కొట్లాడినవా?"

"కొట్లాట కాదే, వాదన."

"గదే. సరే గని, నువ్వు చెప్తుంటె మధ్యల ఫోన్ చూసిండా?"

గుర్తుచేసుకున్నాను. "లేదు. ఫోన్ జేబులోంచి తీయనే లేదు."

"నువ్వు చెప్పింది ఇన్నడా, లేకుంటె తనదే చెప్పుకుంట పోయిండా?"

"విన్నాడు. అంతా విని, కాదన్నాడు."

"ఇగ పరేషాన్ ఎందుకే? ఇనేటోడు దొరుకుడే కష్టం" అని తన డబ్బాలో మామిడికాయ పప్పు నా కంచంలో వేసింది.

ఆ మధ్యాహ్నమే అతని దగ్గర్నుంచి మెసేజ్ వచ్చింది. "మీ గేమ్ కొన్నాను. నాది మీరు ఆడతారా? ఆడాక మళ్ళీ వాదించుకుందాం. అప్పటిదాకా ఇంట్లోవాళ్ళకు ఏం చెప్పాలో మీరే చెప్పండి." నా సీట్లో కూర్చుని గట్టిగా నవ్వేశాను. పక్క సీటతను హెడ్‌ఫోన్ తీసి చూశాడు. రెండిళ్ళలోనూ "ఆలోచిస్తున్నాం" అని చెప్పాలని నిర్ణయించుకున్నాం.

అతని గేములో నేను సరుకుల బండ్లకు కాపలా వెళ్ళే ఆడమనిషిని. ఇంటి నుంచి పనిచేసే రోజుల్లో, సాయంత్రం పని అవగానే లాప్‌టాప్‌ను హాల్లో టీవీకి కలిపి ఆడేదాన్ని. సీరియల్ పోయిందని మొదట్లో అమ్మ సణిగింది. తర్వాత చిక్కుడుకాయల గిన్నె ఒళ్ళో పెట్టుకుని, ఈనెలు తీస్తూ చూడడం మొదలుపెట్టింది.

"ఏంటే అడుగుతోంది ఆవిడ?"

"ఆవిడ సత్రం నడుపుతుందమ్మా. ఎక్కణ్ణుంచి వస్తున్నావని అడుగుతోంది. మూడు జవాబులున్నాయి. ఊరి పేరు చెప్పొచ్చు, నీకెందుకు అనొచ్చు, ముందు గది చూపించు అనొచ్చు."

"పెద్దావిణ్ణి పట్టుకుని నీకెందుకు అంటావా? ఊరు చెప్పు. చెప్పి, వాళ్ళది ఏ ఊరో అడుగు."

"అలా అడగడానికి లేదమ్మా."

"అదేం గేమే, ఎదుటిమనిషిది ఏ ఊరో అడక్కుండా?"

ఇది అతనికి మెసేజ్ పెట్టాను. "అత్తమ్మ చెప్పింది కరెక్టే" అని వెంటనే జవాబు వచ్చింది. మా వైపు అత్తయ్యగారంటాం. వాళ్ళ వైపు అత్తమ్మ. ఏ పిలుపైనా అతను ఇంకా పిలవాల్సిన మాట కాదు. రాశాక అతనికీ తట్టినట్టుంది, వెనకే "సారీ, ఆంటీ" అని ఇంకొకటి వచ్చింది. నేను మొదటిదే పదిసార్లు చదువుకున్నాను.

అలా రోజులు గడుస్తుండగా గేములో ఒక పల్లెకు చేరాను. అక్కడ మగ్గం నేసే ఒక ముసలమ్మ ఉంది. కొడుకు బండ్ల కాపలా పనికని వెళ్ళి తిరిగి రాలేదట. చేతికి రాగి కడియం ఉంటుంది, దారిలో ఎక్కడైనా చూశావా అని అడిగింది. అంతకు కొన్ని రోజుల ముందు అడవిలో నా బండ్ల మీద పడ్డ దొంగల్లో ఒకడికి రాగి కడియం ఉంది. అతన్ని చంపింది నేనే.

తెర మీద మూడు జవాబులు. నిజం చెప్పొచ్చు, చూశాను క్షేమంగా ఉన్నాడనొచ్చు, చూడలేదనొచ్చు.

అమ్మ గిన్నె పక్కన పెట్టింది. "చూడలేదని చెప్పెయ్."

"అబద్ధం కదమ్మా."

"అయితే ఏం? వస్తాడన్న ఆశతో బతుకుతుంది. నిజం చెప్తే ఆవిడకేం మిగుల్తుంది?"

"రానివాడి కోసం ఎదురుచూస్తూ బతకడం ఇంకా నరకం కదా."

"నీకేం తెలుసు? నువ్వు తల్లివా?"

ఇద్దరం చాలాసేపు వాదించుకున్నాం. నాన్న పేపరు దించి, "ఆ కొడుకు సంగతి తేల్చి కాస్త అన్నం పెడతారా?" అని అడిగారు. చివరికి నేను నిజం చెప్పాను. ముసలమ్మ మగ్గం దగ్గర్నుంచి లేచి, లోపలికి వెళ్ళి తలుపు వేసుకుంది. అమ్మ కూడా గిన్నె తీసుకుని వంటింట్లోకి వెళ్ళిపోయింది. అన్నం తింటున్నంతసేపూ నాకు ఆ మూసిన తలుపే కనిపించింది. బాటసారిగా నేను ఎన్ని వందలమందిని నరికానో లెక్కలేదు. వాళ్ళలో ఒక్కడికీ అమ్మ ఉంటుందని నాకెప్పుడూ తోచలేదు. ఆ జవాబు ఎవరో రాసిందే. నొక్కింది మాత్రం నేను. ఆ బరువు నాదే.

ఈ మాట అతనితో ఎదురుగా చెప్పాలనిపించింది. సరిగ్గా అప్పుడే వాళ్ళమ్మగారు అమ్మకు ఫోన్ చేశారు. "మావోడు మీ పాప ఇచ్చిన ఆటే ఆడతాండాడు. ఆలోచిస్తాండాం అంటాడు, ఆలోచించేది మాత్రం నాకు కనపడల్యా. ఒకసారి మీరే రాండి" అన్నారు. శనివారం మధ్యాహ్నం అమ్మా నేనూ మెట్రోలో మియాపూర్ వెళ్ళాం. ఆవిడ మాకు ఉగ్గాని, మిరపకాయ బజ్జీలు పెట్టారు. మరమరాలతో అంత మెత్తటి ఉప్మా లాంటిది చేయొచ్చని అమ్మకు తెలియదు. ఎలా చేశారో కనుక్కుంటూ వంటింట్లోకి వెళ్ళిపోయింది.

హాల్లో అతను ఆడుతుంటే పక్కన కూర్చుని చూశాను. ఏమంత బాగా ఆడడు. నేను నిద్రలో కూడా దాటేసే చోట మూడుసార్లు చచ్చిపోయాడు. ఆ తర్వాత అతని బాటసారి ఒక పాడుబడిన పల్లె పొలిమేరకు వచ్చాడు. అక్కడ ఆగి, కత్తి ఒరలో పెట్టుకున్నాడు. పరుగు ఆపి నడిచాడు. ఇళ్ళ మధ్య బీడుపడిన పొలం ఒకటి ఉంటే, అడ్డంగా పోకుండా గట్టు మీదుగా చుట్టూ తిరిగాడు.

"కత్తి ఎందుకు లోపల పెట్టారు?" అని అడిగాను.

"ఊళ్ళోకి ఎవరైనా కత్తి దూసుకుని పోతారా అండీ?"

"ఊళ్ళో ఎవరూ లేరు కదా."

"ఒకప్పుడు ఉన్నారు కదా."

ఆ పల్లె గుండా నేను ఎన్నిసార్లు వెళ్ళి ఉంటానో. ప్రతిసారీ గొడ్డలి ఎత్తుకుని, పొలం మధ్య నుంచి పరిగెత్తుకుంటూనే వెళ్ళాను. కత్తి దించితే గేములో మెచ్చుకునేవాళ్ళు లేరు, దించకపోతే అడిగేవాళ్ళు లేరు. అయినా అతను దించాడు. అతన్ని చేసుకోవాలని నాకు స్పష్టంగా అనిపించింది అక్కడే, ఆ సోఫా మీద, చేతికి బజ్జీ నూనె అంటుకుని ఉండగా.

అతనే ముందు అన్నాడు. "మీరు చెప్పిందే కరెక్టండీ. ఒక్క మాట ఎంచుకోకుండానే వీడు నా మనిషైపోయాడు. మాటలతో పని లేదు."

"లేదండీ, మీరు చెప్పిందే కరెక్టు" అని ముసలమ్మ సంగతి చెప్పాను. "ఆ మూడు జవాబులు లేకపోతే నేనేం మనిషినో నాకే తెలిసేది కాదు."

"అది జవాబుల వల్ల కాదండీ. ముందు అడవిలో మీరు చేసిన పని వల్ల."

"చేసినప్పుడు ఏమీ అనిపించలేదు. చెప్పాల్సి వచ్చినప్పుడే అనిపించింది."

"నేనైతే ఒప్పుకోను."

నా వాదన అతను పట్టుకున్నాడు, అతని వాదన నేను. గొంతులు మళ్ళీ పెరిగాయి. వంటింట్లోంచి వాళ్ళమ్మగారు, "మళ్ళీ మొదలుపెట్టినారే వీళ్ళు" అన్నారు. దానికి మా అమ్మ ఏ తొందరా లేకుండా, "కానివ్వండి వదినగారూ, వాళ్ళకిది అలవాటే" అంది. వదినగారూ అన్న ఆ పిలుపు మా ఇద్దరికీ వినపడింది. వాదన మధ్యలో ఆపి ఒకరి ముఖం ఒకరు చూసుకున్నాం. అక్కడ బాటసారిని ఏదో వచ్చి చంపేసింది. ఇద్దరం పట్టించుకోలేదు.

తాంబూలాలు ఆ నెలలోనే పుచ్చుకున్నారు. వాదన మాత్రం తేలలేదు. మాట ఎంచుకునే వీలుంటేనే పాత్ర మనదవుతుందా అని ఇవాళ ఎవరైనా అడిగితే, ఎంచుకోవడానికి ఏమీ లేనిచోట కూడా మనిషి ఏదో ఒకటి ఎంచుకుంటాడని నేను చెబుతాను. అయినా నాలుగు జవాబులు ముందు పెట్టి అడిగేవాడు ఉండడం మంచిదేనని కూడా చెబుతాను. రెండూ ఎలా కుదురుతాయని మా ఆయన అడుగుతాడు. నాకు కుదురుతాయి.

పెళ్ళికి ముందు, ఎవరిళ్ళలో వాళ్ళం కూర్చుని, ఇద్దరం కలిసి ఆడే గేమ్ ఒకటి మొదలుపెట్టాం. చెవుల్లో ఇయర్‌ఫోన్లు పెట్టుకుని మాట్లాడుకుంటూ ఆడేవాళ్ళం. అప్పటికీ మేము అండీ అండీ అనే పిలుచుకుంటున్నాం. ఒక ఆదివారం పొద్దున ఒక రాక్షసుడు మా ఇద్దర్నీ గుహలో మూలకు నెట్టాడు. "ఎడమవైపు చూడు, నీ వెనకాల వస్తాండాడు" అన్నాడతను. అని ఆగిపోయాడు. నేనూ ఆగిపోయాను. రాక్షసుడు ఆగలేదు. ఇద్దరం చచ్చిపోయి గుహ బయట మళ్ళీ లేచి నిలబడ్డాం.

"సారీ అండీ" అన్నాడు.

"ఫర్వాలేదు, పద" అన్నాను. "ఈసారి నువ్వు ముందు వెళ్ళు."