విస్తరి అంచున బిళ్లల అట్ట

మా ఆయన పల్లంరాజు మండపేట రైస్ మిల్లులో ఇరవై రెండేళ్లు బస్తాలు మోశారు. నడుం నొప్పి లేని రోజు లేదు. తెల్లవారగానే జేబులోంచి నొప్పిబిళ్ల ఒకటి తీసి, మిల్లు ముందు టీతో మింగి పనిలోకి దిగేవారు. డాక్టరు చీటీ లేకుండానే మందుల షాపులో అట్టలకి అట్టలు ఇచ్చేసేవారు. నేను కట్టిన చద్దన్నం క్యారేజీ సాయంత్రానికి అలాగే వెనక్కి వచ్చేది. మూత తీస్తే పులిసిన కంపు. ఆ కంపు ఇప్పటికీ నా ముక్కులోనే ఉంది.

"కాస్త తిని వేసుకోండి" అంటే, "తింటే వంగలేనే. బిళ్లకి మళ్లీ పెళ్లిభోజనమా?" అని నవ్వేవారు. పొద్దుపోతే క్వార్టరు, చుట్ట. కడుపు మండితే సోడా.

ఒకరోజు మరుగుదొడ్డి కడుగుతుంటే తారులా నల్లగా కనిపించింది. అడిగితే నేరేడుపళ్లు తిన్నానన్నారు. నమ్మాను. వారం తిరక్కుండా రక్తం కక్కుకుని రాజమండ్రి ఆసుపత్రిలో పోయారు.

శవం లేవకముందే ఆయన మేనత్త అమ్మాజీ, "దీని చేతి కారమే మా వాడి పేగులు తినేసింది" అంది. డాక్టరుగారు చెప్పింది వేరు. "కారం కాదమ్మా. ఏళ్ల తరబడి పరగడుపున మింగిన ఆ బిళ్లలు, దానిపైన తాగుడు, చుట్ట. కడుపులో పుండు పడి చిల్లయిపోయింది. దొడ్డికి నల్లగా అయిందంటే అది లోపల కారిన రక్తమే." ఆ మాట ఎవరికీ చెప్పలేదు. చెబితే మాత్రం వినేదెవరు?

పెద్దకర్మ నాడు కాలవ గట్టున విస్తరి వేశారు. పోయినవాళ్లకి ఇష్టమైనవన్నీ పెట్టాలి కదా. గారెలు, చేపల పులుసు పెట్టారు. పక్కనే క్వార్టరు మూత తీసి పెట్టారు. చుట్ట వెలిగించి పెట్టారు. మనిషిని చంపినవాటినే ముద్దుగా వడ్డిస్తున్నారు!

అంతలో మా మరిది భీమరాజు బిళ్లల అట్ట తీసి విస్తరి అంచున పెట్టాడు. వాడిదీ అదే మిల్లు, అదే పని.

"ఇది లేందే అన్నయ్యకి నడుం లేవదు వదినా" అన్నాడు కళ్లు తుడుచుకుంటూ.

పది బిళ్లల అట్టలో ఆరే ఉన్నాయి.

"మిగతా నాలుగూ ఏవి?"

వాడు నేల చూపులు చూశాడు. "నేనేసుకున్నాను."

"పొద్దున్న ఏం తిన్నావు?"

"టీ తాగాను."

"దొడ్డికి ఎలా అవుతోంది?"

"ఛీ ఛీ! పిండాల దగ్గర ఏం మాటలే అవి? సిగ్గులేదూ?" అంది అమ్మాజీ.

"సిగ్గుపడి దాచిన మనిషికేనండి ఈ పిండాలు" అన్నాను.

భీమరాజు గొణిగాడు. "నల్లగానే, వదినా. రెండ్రోజుల్నించి."

క్వార్టరు కాలవలో వంచేశాను. చుట్ట ఆర్పేశాను. అట్ట తీసి కొంగున కట్టుకున్నాను. వాటి స్థానంలో పెరుగన్నం ముద్ద పెట్టాను. కాకి ముట్టిందో లేదో చూడలేదు. అప్పుడే వాణ్ణి ఆటో ఎక్కించి రాజమండ్రి తీసుకెళ్లాను.

నోట్లోంచి గొట్టం వేసి చూశారు. పుండు పడింది గానీ, ఇంకా చిల్లు పడలేదట. మందులు రాసి, నొప్పికి సొంత వైద్యం మానెయ్యమన్నారు. తాగుడూ చుట్టా ముట్టొద్దన్నారు.

ఇప్పుడు వాడు మళ్లీ పనిలోకి వెళ్తున్నాడు. నడుం నొప్పెడితే డాక్టరుగార్నే అడుగుతున్నాడు. రోజూ క్యారేజీ పట్టుకుని మిల్లు గేటు దగ్గర నిలబడుతున్నాను.

"అందరూ నవ్వుతున్నారు వదినా, మీరెళ్లండి."

"నవ్వనీ. ముందు గిన్నె ఖాళీ చేసి చూపించు."