పాఠం చెప్పని మొగులయ్య సార్

ఆదివారం పొద్దున మొగులయ్య సార్ కంటే ముందు ఆయన గొంతు వచ్చేది. శంషాబాద్‌లో షేర్ ఆటోలు ఆగగానే, దిగేవాళ్ల జేబుల్లో ఫోన్లన్నీ చరిత్ర పాఠం వినిపించేవి. మనిషి మాత్రం ఆ తర్వాత, మంచులోంచి విడివడ్డట్టు నెమ్మదిగా నడిచొచ్చేవాడు. వచ్చి, క్లాసులో పాఠం చెప్పేవాడు కాదు. అదీ ఆయన జబ్బు.

2012లో ఆ దూరవిద్య కేంద్రానికి నేను ఇన్‌ఛార్జిని. ఆయన వారం ముందే తొండుపల్లిలో తన డాబా మీద పాఠం రికార్డు చేసి, అందరి మెమరీ కార్డుల్లో ఎక్కించేవాడు. మధ్యలో "ఆగుండ్రి, విమానం పోనీయుండ్రి" అనేవాడు. ఆ మోత పోయాక ఆకాశం కాసేపు ఖాళీగా వినిపించేది. కాకతీయులు ఓడిపోవడానికి మూడు విమానాలు పట్టింది. మా విద్యార్థి యాదయ్య ఇంట్లో బర్రె ఆ గొంతు వినిపించందే పాలు చేపడం లేదట.

"సార్, జర పాఠం చెప్పుండ్రి" అని క్లాసులో బతిమాలితే, "అది ఇంటికాడనే అయిపాయె గద. ఇగ దాని మీద కొట్లాడుండ్రి" అని కిటికీ పక్కన కూర్చునేవాడు.

"మాలో మేమే కొట్లాడుకుంటే సారెందుకు?" అని వీరేందర్ అనే విద్యార్థి పైవాళ్లకు ఫిర్యాదు పెట్టాడు. ఈ ఆదివారం కూడా పాఠం చెప్పకపోతే ఆయన్ని తీసేయమని నాకు హుకుం వచ్చింది. ఆ సంగతి ఆయనకు చెప్పి, వెళ్లి వెనక బెంచీలో కూర్చున్నాను.

ఆయన కిటికీ పక్కనే కూర్చున్నాడు.

క్లాసు ముగియవస్తుండగా సక్కుబాయి వచ్చింది. ఎయిర్‌పోర్టులో నేలలు తుడిచే డ్యూటీ దిగి, యూనిఫాంతోనే. పోయినేడు వేరే సార్ ఉన్నప్పుడు, పాఠం సగమైందని చూసి గడప దగ్గరి నుంచే తిరిగిపోయేది. ఇప్పుడు కూర్చుంటూనే, కాకతీయులు ఎందుకు ఓడారని నడుస్తున్న కొట్లాటలో మాటందుకుంది.

"ఆళ్లల్ల ఆళ్లకే పడలే. గందుకే ఓడిన్రు."

"ఎవరు చెప్పిన్రక్కా?" అన్నాడు వీరేందర్.

"రెండో విమానం దాటినంక సారే చెప్తడు. ఇనలేదా తమ్మీ?"

క్లాసంతా నవ్వింది. వీరేందర్ మెల్లగా ఫోను తీసి చెవిన పెట్టుకున్నాడు.

అందరూ వెళ్లాక అడిగాను. "కొంచెమైనా పాఠం చెప్పొచ్చు గదా సార్?"

"చెప్తే డ్యూటీ దిగి ఉరికొచ్చేటోళ్లకు తోకనే మిగుల్తది మేడమ్. కొట్లాటల ఎప్పుడొచ్చినా జాగ దొరుకుతది."

ఆయన్ని తీసేయమని ఇక నేను రాయలేను. "మరి పైవాళ్లకు ఏమని రాయమంటారు?"

ఆయన చెప్పులేసుకుంటూ ఆలోచించాడు.

"వచ్చే వారం పాఠం ఆళ్లకు గూడ పంపుండ్రి మేడమ్. ఇని వస్తే, సక్కుబాయి పక్కన కూసోవెడ్త."