నీలిరంగుకు ఆగిపోయిన పెళ్లికూతురు

సముద్రపు దీవి మీది పాత మేడ థార్నెల్ హాల్‌లో ఉన్నది ఒకే ఒక్క దయ్యం, అదీ దొరల ఇంటి దయ్యం. పేరు లవీనియా. పెళ్లి ఇంకా మూడు రోజులుందనగా జలుబు ముదిరి చచ్చిపోయిందట. అప్పటినుంచి తెల్లగౌనుతో మేడమెట్లు ఎక్కుతూ దిగుతూ ఉంటుందట. ఇరవై రెండేళ్లుగా ఈ కథను మేడ చూడవచ్చేవాళ్లకు రోజుకు నాలుగుసార్లు చెప్పి పొట్ట పోసుకుంటున్నది ఎర్వీనా మానిగో. పన్నెండో మెట్టు పలక వదులుగా ఉంటుందని ఆమెకు తెలుసు. “అడుగుల చప్పుడు” అనే మాట దగ్గర సరిగ్గా దాని మీద మడమ ఆనించేది, అది కిర్రుమనేది. ఎవరో ఒకరు కెవ్వుమనేవారు.

ఎర్వీనాకు లవీనియా అంటే భయం లేదు గానీ కచ్చ ఉంది. ఆ దొరల వరిమళ్లలో నడుములోతు నీళ్లలో నిలబడి, జ్వరాలొచ్చి, పాములు కరిచి, ఎర్వీనా పూర్వీకులైన బానిసలు వందలమంది పోయారు. వాళ్లలో ఒక్కరికీ దయ్యమయ్యే భాగ్యం దక్కలేదు. జలుబు చేసిన పిల్లకు మాత్రం మేడా, మెట్లూ, చూడటానికి టిక్కెట్లూ.

ఆ బానిసల గుడిసెల్లో ఇప్పుడు మిగిలింది ఒక్కటే, ఓక్ చెట్ల బాట చివర. ఎర్వీనా తల్లి అందులోనే పుట్టింది. దయ్యం కోసం వచ్చేవాళ్లు అంతదూరం నడిచేవారు కాదు. ఎవరూ చూడని దాన్ని ఉంచడం దేనికని, ఈస్టర్ అయ్యాక పడగొట్టించి పెళ్లిళ్లకు వచ్చే కార్లు నిలిపే చోటు చేస్తానన్నాడు కొత్త మేనేజరు ప్రెస్టన్. చెడ్డవాడు కాదు, అట్లాంటా నుంచి కొత్తగా వచ్చాడు, అంతే. ఆ మాట విన్న రోజు ఎర్వీనా రొయ్యలు, టమాటాలు వేసి వండిన ఎర్రన్నం కూడా ముట్టలేదు.

ఆ వారమే మేడకు రంగులు వేయించబోతూ, ఏ రంగైతే ఫోటోల్లో బాగుంటుందని ప్రెస్టన్ ఆమెను అడిగాడు. లేతనీలం, మావాళ్లంతా అదే వేస్తారు అంది. అందులో అబద్ధం లేదు. ఎందుకు వేస్తారో అతను అడగలేదు, ఆమె చెప్పలేదు. ఆ దీవుల్లో పుట్టిన పసిపిల్లలకైనా తెలిసిన సంగతే అది. గుమ్మాలకూ కిటికీలకూ ఆ నీలం పూస్తే దయ్యం దాన్ని నీళ్లనుకుంటుంది. నీళ్లు దాటలేక ఇంట్లోకి రాకుండా ఆగిపోతుంది.

రంగు వేయడానికి వచ్చిన ఇసడోర్ ఆమె పినతల్లి కొడుకే. నిచ్చెన మీద నుంచి అనుమానంగా చూశాడు.

“అక్కా, ఆ లవీనియా తోటలోకి షికారుకెళ్లినప్పుడు గుమ్మానికి వేసేశాననుకో, మళ్లీ ఇంట్లోకి ఎట్టా వస్తదంటావ్?”

“నీ పని నువ్వు చూస్కోరా. కిటికీలు మర్చిపోకు,” అంది ఎర్వీనా.

రంగు ఆరిన మర్నాడు ఆమె మెట్ల దగ్గర ఆగి, పన్నెండో మెట్టు జోలికే పోకుండా, లవీనియాగారు ఇక ఈ ఇంట్లో లేరని మర్యాదగా చెప్పింది. గుమ్మం చూపించి కారణం వివరించింది. మరి ఎక్కడుందని అందరూ మీదపడ్డారు. పాపం ఎక్కడికి పోతుంది, బాట చివరి గుడిసె చుట్టూ తచ్చాడుతోందని విన్నానంది. జనం అటు పరుగెత్తారు. వారం తిరిగేసరికి ఆ బాటలో గడ్డి అణిగిపోయింది. మేడలో పింగాణీ పళ్లేల మొహం చూసేవాడు లేడు.

ప్రెస్టన్ మండిపడతాడనుకుంది. అతను జనాన్ని చూసి ఉబ్బితబ్బిబ్బవుతూ గుడిసె దగ్గరికే వచ్చాడు. ఇక దీన్ని పడగొట్టేది లేదన్నాడు. ఎర్వీనా ఊపిరి పీల్చుకునేలోపే చేతిలోని రంగు గీకే రేకు చూపించాడు. గుడిసె కిటికీకి కూడా పాత నీలం ఉందని ఎవరో చెప్పారట. అది గీకేస్తే పెళ్లికూతురు లోపలికి రావచ్చు, జనాన్ని లోపల కూర్చోబెట్టి కథ చెప్పవచ్చు. లేదంటే ఈ సరదా నెలలో తీరిపోతుంది, ఆ తర్వాత గుడిసె సంగతి తాను హామీ ఇవ్వలేనన్నాడు.

ఆమె ఎత్తు ఆమెకే బెడిసికొట్టింది. ఆ నీలం ఆమె అమ్మమ్మ పూసింది, బట్టలకు పెట్టే నీలిమందులో సున్నం, మజ్జిగ కలిపి. ఎర్వీనా అంతమంది చూస్తుండగానే కిటికీకి అడ్డంగా నిలబడింది.

“బాబూ ప్రెస్టన్, ఆ లవీనియా వంశంవాళ్లు తలుపు తట్టకుండానే ఈ ఇంట్లోకి జొరబడేవాళ్లు. నిద్రపోయే పిల్లల్ని ఎత్తుకుపోయి అమ్ముకున్నారు. మా అమ్మమ్మ ఈ రంగు అందానికి పూయలేదు. పడగొడతానంటే పడగొట్టు. ఇది నిలబడి ఉన్నంతసేపు మాత్రం లవీనియా బయటే ఉంటది.”

ప్రెస్టన్ మొహం కందిపోయింది. దయ్యం కోసం ఒహాయో నుంచి మూడోసారి వచ్చిన ముసలావిడ ఒకామె గుంపులోంచి ముందుకొచ్చింది.

“అయితే లోపల ఎవరున్నారమ్మా?” అని అడిగింది.

ఇరవై రెండేళ్లలో ఆ మాట అడిగినవాళ్లు లేరు. ఎర్వీనాకు కళ్లనీళ్లు తిరిగాయి. తలుపు తీసి, కాళ్లు తుడుచుకుని రమ్మని అందరినీ లోపలికి పిలిచింది. తల్లి పేరుతో మొదలుపెట్టి, అమ్మమ్మ, ఆమె తల్లి, అమ్ముడుపోయిన పిల్లలు, ఒక్కొక్కరి పేరే చెబుతూ వెనక్కి వెళ్లింది. భోజనాల గంట కొట్టినా ఎవరూ లేవలేదు.

తలుపు బార్లా తెరిచే ఉంది. అయినా ప్రెస్టన్ గడప అవతలే నిలబడి, వేళ్లతో తలుపు మెల్లగా తట్టాడు. పెళ్లిళ్ల కార్లు గుర్రపుశాల వెనక నిలుపుకుందాం, తాను లోపలికి రావచ్చా అని అడిగాడు.

ఎర్వీనా చెబుతున్న పేరు పూర్తిచేసి, రమ్మని చెయ్యి ఊపింది.