ఆదివారం అనూరాధ

మస్కట్‌లోని రూవి పేటలో ఏ తెలుగువాళ్లు అద్దె ఫ్లాటులో పాలు పొంగించాలన్నా, పిల్లాడికి అక్షరాభ్యాసం చేయాలన్నా వీరభద్రరావుకు ఫోను రావాల్సిందే. ఆయన పురోహితుడేమీ కాదు, ఒక కన్‌స్ట్రక్షన్ కంపెనీలో స్టోర్ కీపరు. పంచాంగంలోని ఇండియా టైములోంచి గంటన్నర తీసెయ్యడం ఎవరికైనా వస్తుంది. మస్కట్ సూర్యోదయాన్ని పట్టి లగ్నం కట్టడం మాత్రం ఆయనకే తెలుసునని అందరూ అనేవారు, ఆయనా అనేవాడు. దక్షిణ పుచ్చుకునేవాడు కాదు. పొగడ్త ఎంత పెట్టినా వద్దనేవాడూ కాదు.

ముప్పయ్యొక్కేళ్లు రెసిడెంట్ కార్డు మీదే బతికాడు. రెన్యువల్ వచ్చినప్పుడల్లా ఆయనకు కంటి మీద కునుకుండేది కాదు. అందుకే, ఐర్లాండ్‌లోని కార్క్‌లో ఉద్యోగం చేసే అల్లుడు శ్రీచరణ్‌కు ఆ దేశ పౌరసత్వం ఇస్తున్నారని తెలిసిన రోజు భార్య సీతాదేవితో, "మనింట్లో ఒక్కడికైనా ఎవరూ పొమ్మనలేని దేశం దొరికిందే" అన్నాడు.

అప్పటికి కూతురు చంద్రిక నిండు నెలలతో మస్కట్‌లోనే ఉంది. తొలి కాన్పు పుట్టింట్లోనే జరగాలని తల్లి పట్టుబడితే, కార్క్‌లో ల్యాబ్ ఉద్యోగానికి సెలవు పెట్టి వచ్చింది. పుట్టిల్లంటే రూవిలో రెండు గదుల ఫ్లాటు. బిడ్డ అడ్డం తిరిగింది, సిజేరియన్ తప్పదు, ఆది, సోమ, మంగళవారాల్లో ఎప్పుడైనా సరేనంది డాక్టరు. ఇక వీరభద్రరావుకు పట్టపగ్గాల్లేవు.

శ్రీచరణ్ ఫోన్ చేశాడు. "మావయ్యగారూ, సోమవారం ఇక్కడ నా పౌరసత్వ ప్రమాణం. అది అవగానే ఫ్లైటెక్కేస్తాను. మంగళవారం సాయంత్రానికి పెట్టించరూ? బిడ్డ పుట్టేసరికి పక్కనుంటాను."

"సోమవారం జ్యేష్ఠ, మంగళవారం మూల బాబూ. మూలలో పుడితే తండ్రికి గండం. ఆదివారం అనూరాధ, దివ్యంగా ఉంది. నీ మంచికే చెబుతున్నాను."

అల్లుడు సరేనన్నాడు. వీరభద్రరావు పసుపు అద్దిన కాగితం మీద తారీఖు, టైము రాసి డాక్టరు చేతిలో పెట్టాడు. ఆదివారం పొద్దున పది నలభై రెండుకు సింధూజ పుట్టింది. సోమవారం శ్రీచరణ్ ప్రమాణం చేసి సర్టిఫికెట్టు పుచ్చుకున్నాడు. మంగళవారం వచ్చి కూతుర్ని ఎత్తుకున్నాడు.

తండ్రి ఐరిష్ కాబట్టి బిడ్డా ఐరిషేనని అందరూ అనుకున్నారు. పరాయి దేశంలో పుట్టిన పిల్లల్ని నమోదు చేసే ఐర్లాండ్ రిజిస్టరుకు శ్రీచరణే అప్లికేషన్ పంపాడు. రెండు పాస్‌పోర్టులకు ఇండియా ఒప్పుకోదు గనక మస్కట్‌లోని ఇండియన్ ఎంబసీలో పాప పుట్టుక రాయించకుండా ఆగారు. శ్రీచరణ్ తిరిగి వెళ్లాడు, పాస్‌పోర్టు లేని పాపతో చంద్రిక రూవిలోనే ఉండిపోయింది. పాపకు ఆరో నెల వస్తుండగా, కార్క్‌లో వాన రోడ్డు మీద కారు బోల్తాపడి శ్రీచరణ్ పోయాడు. ముప్పై మూడేళ్లు.

చంద్రిక వీసా భర్త మీద ఆధారపడ్డది. ఆయనతోపాటే అదీ పోయింది. పాప ఐరిష్ అని తేలితే మాత్రం, ఆ బిడ్డను సాకే తల్లిగా తిరిగి వెళ్లొచ్చు, తన ఉద్యోగం తను చేసుకోవచ్చు. ఇటు వీరభద్రరావుకు అరవై మూడు నిండాయి. డిసెంబరు తర్వాత వీసా పొడిగించేది లేదని కంపెనీ చెప్పేసింది. సొంతూరు కాకినాడలో తలదాచుకోవడానికి ఒక గది కూడా లేదు. ఇంటిల్లిపాదీ ఐర్లాండ్ జవాబు కోసమే ఎదురుచూశారు.

పాపకు పదకొండో నెలలో ఈమెయిలు వచ్చింది. వీరభద్రరావు కళ్లజోడు సవరించుకుని చదివాడు. మర్యాదగానే రాశారు. బిడ్డ పుట్టిన రోజుకు తండ్రి ఐర్లాండ్ పౌరుడు కాడు, కనుక తండ్రి వైపు నుంచి బిడ్డకు హక్కు రాదు. తారీఖులు రెండూ ఒకే వాక్యంలో ఉన్నాయి. పుట్టుక పదహారున, ప్రమాణం పదిహేడున.

గోరుచుట్టు మీద రోకటిపోటంటే ఇదే. ఆయనకు రాసినవాళ్ల మీద కోపం రాలేదు. తన మీద అసహ్యం వేసింది. అల్లుడికి గండం తప్పించబోయిన పెద్దమనిషి! గండమూ తప్పలేదు, దేశమూ దక్కలేదు.

"మంగళవారం పెట్టమని అతను అడిగాడమ్మా," అన్నాడు కూతురితో. "నేనే వినలేదు. రెండు రోజులు ఆగుంటే సరిపోయేది. నీ నోట్లో మట్టి కొట్టాను."

చంద్రిక ఏడవలేదు. "నాతోనూ అన్నారు నాన్నా. మూల అని నువ్వు చెప్పాక నాకే భయమేసింది. ఆయన పక్కన లేకపోయినా పర్లేదు, ఆయనకేమీ కాకూడదు అనుకున్నాను."

వంటింట్లో సీతాదేవి కుళాయి తిప్పి, ఆ చప్పుడులో ఏడ్చింది.

ఏడాది నిండేలోపు ఎంబసీలో పుట్టుక రాయించకపోతే ఇండియా పౌరసత్వానికీ చిక్కే. ఇంక ఆరు వారాలుంది. మర్నాడే వీరభద్రరావు ఎంబసీ ఫారం తెచ్చాడు. స్టోరు రిజిస్టర్లు రాసి రాసి అచ్చులా తయారైన దస్తూరీ ఆయనది. బిడ్డ పేరు రాశాడు. తల్లి పేరు రాశాడు. తండ్రి పేరు రాసి, కాసేపు దాన్నే చూస్తూ కూర్చున్నాడు. ఆ కింద పుట్టిన తేదీ గడి ఉంది.

పెన్ను కూతురికి అందించాడు. "ఇది నువ్వు రాయమ్మా. ఆ తారీఖు ఈ చేత్తో మళ్లీ రాయలేను."

చంద్రిక పాపను ఎడమ చంకకు మార్చుకుని, నిలబడే రాసింది.